నీళ్ల బరువు

సియాటిల్ చుట్టుపక్కల కొండలెక్కే మనవాళ్లు నలుగురు చేరితే మాటలన్నీ గ్రాముల్లోనే. తిండీ, నీళ్లూ, పొయ్యి గ్యాసూ పక్కనపెడితే వీపు మీది సంచి పది పౌండ్లు, అంటే నాలుగున్నర కిలోలు దాటకూడదు. అందుకోసం టూత్‌బ్రష్ పిడి కోసేసేవాళ్లున్నారు. నవ్వుకోండి గానీ, దిగుడులో మోకాళ్లు పట్టేసే వయసుకు వచ్చాక ఆ పిచ్చి నాకూ పట్టింది. 1955లో 67 ఏళ్ల ఎమ్మా గేట్‌వుడ్ సొంతంగా కుట్టుకున్న గుడ్డసంచి భుజానేసుకుని, మామూలు కాన్వాస్ బూట్లతో, వానకు షవర్ కర్టెన్ కప్పుకుని మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు అపలేచియన్ బాట నడిచేసింది. ఆవిడకు దాదాపు ఊరికే వచ్చిన తేలికను మేం డైనీమా అనే బట్టతో కుట్టిన గుడారాలకు ఆరేడు వందల డాలర్లు పోసి కొంటున్నాం.

సంక్రాంతికి నెల్లూరు వెళ్తూ నా డైనీమా గుడారాన్ని మైపాడు సముద్రతీరానికి పట్టుకెళ్లాను. సన్నటి మేకులు ఇసుకలో ఎక్కడ నిలుస్తాయి? సంచుల్లో ఇసుక నింపి, తాళ్లు కట్టి, మోచేతి లోతున పూడిస్తే నిలబడింది. గుడ్డ ఒంటిపొరది కావడంతో తెల్లారేసరికి లోపలంతా చెమ్మ. ఉప్పుగాలికి ఈకల దుప్పటి ముద్దకట్టింది. అసలక్కడ దానితో పనేముంది, జనవరిలో కూడా నూలు దుప్పటి చాలు.

అన్నిటికన్నా చిక్కు నీళ్లతోనే. అమెరికా కొండల్లో వాగులుంటాయి కాబట్టి చిన్న ఫిల్టర్‌తో పని జరిగిపోతుంది. ఇక్కడ ఓ పక్క సముద్రం, ఇంకో పక్క బకింగ్‌హామ్ కాలువ, రొయ్యల గుంటలు. ఫిల్టర్ ఉప్పు తీయదు. మేం లెక్కలో వేసుకోని నీళ్లే ఇక్కడ అసలు మోత.

ఓ పెద్దాయన గుడారం గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూశాడు. పందెం పడవల తెరచాపల కోసం పుట్టిన బట్టే ఇది. ‘‘ఎన్నాళ్లొస్తాది అబ్బయా?’’ అని అడిగి, పాత చెక్క తెప్పల సంగతి ఎత్తుకున్నాడు. తెప్పకు తేలిక మానే కావాలి, ఆ మానేమో నీళ్లు తాగుతుంది. వేట నుంచి రాగానే కట్లు విప్పి, దుంగలు విడదీసి ఎండేయకపోతే మర్నాటికి కదలవు. ఇప్పుడన్నీ ఫైబర్ బోట్లు. ఎండేసే చాకిరీ తప్పింది, ఇంజనూ, దాని ఖర్చూ వచ్చిపడ్డాయి.

మళ్లీ వచ్చినప్పుడు మైపాడు నుంచి ఉత్తరంగా, పెన్న సముద్రంలో కలిసేదాకా నడవాలని ఉంది. గుడారం తీసుకెళ్లను. దోమతెర, దుప్పటి, అయిదు లీటర్ల డబ్బా చాలు. ఆ డబ్బా తను బండి మీద తెచ్చిస్తానంటున్నాడు మా మామ. అలా తెస్తే నా సంచి బరువు ఎంతని చెప్పుకోవాలో సియాటిల్ మిత్రులు తేల్చాలి.