దారం కొసన నాలుక

నిన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం చెబితే నవ్వుతారు: గ్లాసుడు నీళ్లు, గుప్పెడు చక్కెర, జానెడు ప్లాస్టిక్ ఫైబర్.

ఫైబర్ అంటే ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే తీగ అనే అనుకున్నానిన్నాళ్లూ. ఇటు దూరిన కాంతి గోడలకు తగిలి లోపలికే మళ్లుతూ అటు తేలుతుంది. బయట నీళ్లున్నాయో నిప్పులున్నాయో దానికెందుకు?

మిల్లీమీటరు మందం ఫైబర్ తీసుకుని, నడుమ పైపొరను ఉప్పుకాగితంతో గీకి, గాలంలా వంచాను. ఒక కొసన ఎర్ర ఎల్‌ఈడీ, రెండో కొసన ఫొటోట్రాన్సిస్టర్, దానికో మీటరు. వంపును మంచినీళ్లలో ముంచాను. అంకె దిగింది! చెంచా చక్కెర కలిపాను. ఇంకా దిగింది! మరో చెంచా. అబ్బ, మళ్లీ దిగింది! తీగపాకం వచ్చిందో లేదో మా అమ్మమ్మ వేళ్ల మధ్య సాగదీసి చూసేది. ఈ తీగ వెలుగుతో చూస్తోంది.

కాంతి గోడను తాకి మళ్లేటప్పుడు రవ్వంత బయటికి తొంగిచూస్తుందట, మైక్రాన్ లోతు కూడా ఉండదు. ఈ ప్లాస్టిక్ వక్రీభవన గుణకం 1.49, నీటిది 1.33. చక్కెర కరిగేకొద్దీ నీటిది పెరిగి ప్లాస్టిక్‌కు చేరువవుతుంది, వంపు దగ్గర తప్పించుకునే కాంతి ఎక్కువవుతుంది. గాజు ఫైబర్‌కైతే గీకుడూ అక్కర్లేదు. మందం 125 మైక్రాన్లు. నున్నగా తెంచిన కొస గాలిలో ఉంటే కాంతిలో సుమారు 3.4 శాతం వెనక్కొస్తుంది, నీళ్లు తగిలితే 0.2 శాతమే. అందుకు ఒక్క చుక్క చాలు!

ఉత్సాహం కొద్దీ ఉప్పునీళ్లలోనూ ముంచాను. అక్కడా దిగింది. తీపీ ఉప్పూ దీనికొకటే! కాస్త చిన్నబోయాను.

అది ఎప్పుడో 1980 నాటికే దాటేసిన అడ్డంకి అని తెలిశాక మళ్లీ ఎగిరి గంతేశాను. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో జాన్ పీటర్సన్ బృందం ఫైబర్ కొసన ఫినాల్ రెడ్ అనే రంగును ఇమిడ్చి, రక్తం పీహెచ్ కొలిచే సన్నని పరికరం చేసింది. పీహెచ్ మారితే రంగు మారుతుంది, ఆకుపచ్చ కాంతి తిరిగొచ్చే పాళ్లు మారుతాయి. ఎరుపు చలించదు కాబట్టి దాంతో పోల్చి చూసుకుంటారు. పసుపులో సున్నం కలిపే పారాణి కథే కదండీ ఇది!

రేపు నా ఫైబర్‌ను పసుపు కలిపిన నీళ్లలో ముంచి, సున్నపుతేట చుక్కలు వేసి చూస్తాను. ఎర్ర ఎల్‌ఈడీ పనికిరాదు, ఆకుపచ్చది కొనాలి. వస్తూ వస్తూ చక్కెర కూడా.