మంచు కింద నీళ్లు, నీళ్ల పక్కన నేల

ప్రభువు కృపను బట్టి 2024 ఫిబ్రవరి మాసంలో నాకూ, నా భార్యకూ ఫిన్లాండు దేశంలోని వాసా పట్టణాన ఉంటున్న మా కుమారుని ఇంట మూడు వారాలు గడిపే భాగ్యం కలిగింది. మేము దిగిన రోజున అక్కడ సున్నాకు 18 డిగ్రీలు కిందికి ఉంది. సముద్రం గడ్డకట్టి ఉంటే దానిమీద జనం కుక్కల్ని వెంటబెట్టుకొని షికారు తిరుగుతున్నారు. బాపట్ల సముద్రం ఎరిగిన మాకు అది చూసి నోట మాట రాలేదు.

మనవణ్ణి చూపించడానికే మా అబ్బాయి మమ్మల్ని రప్పించాడనుకున్నాము. రెండో రోజు భోజనాల దగ్గర అసలు సంగతి చెప్పాడు. సముద్రం ఒడ్డున ఒక కొయ్య ఇల్లు అమ్మకానికి వచ్చిందట. "నాన్నగారూ, కాలవ కింది ఎకరం అమ్మితే సగం సొమ్ము సమకూరుతుంది. మీరు ఒక్కసారి చూసి చెప్పండి" అన్నాడు. ఆ ఎకరం మా తండ్రిగారు మిషను బడి పంతులుగా చేస్తూ, జీతంలో మిగిల్చి కొన్నది. నేను అన్నం కలుపుకుంటూ ఊరుకున్నాను.

ఆ దేశంలో జనం 56 లక్షలు. ఇలాంటి సెలవు ఇళ్లు సుమారు 5 లక్షలున్నాయి. వాటిని వాళ్లు పిలిచే పేరు మన చెవికి "మొక్కి" అన్నట్టే వినిపిస్తుంది. ఇల్లు ఎంత చిన్నదైనా పక్కన సౌనా, అంటే ఆవిరి గది, ఉండవలసిందే.

ఆదివారం ఆరాధనకు వెళ్లాము. అది కూడా లూథరన్ సంఘమే. భాష ముక్క తెలియకున్నా పాపపు ఒప్పుకోలు ఎక్కడ వస్తుందో, విశ్వాస ప్రమాణం ఎక్కడ వస్తుందో మాకు తెలిసిపోయింది. 1842లో హయ్యర్ దొరగారు గుంటూరు చేరిన నాటినుండి మనవాళ్లు అలవాటుపడిన వరుసే కదా! మధ్యాహ్నం పాత వాసా చూపించాడు. 1852లో ఊరు కాలిపోయిందట. మళ్లీ అదే చోట కట్టుకోక, 1862లో ఏడు కిలోమీటర్ల దూరాన సముద్రం వైపు కొత్త పట్నం వేసుకున్నారు. పాత రేవులో నీళ్లు తగ్గిపోయి ఓడలు రావడం కష్టమైపోయింది మరి. మంటల్లో మిగిలిన న్యాయస్థానపు భవనాన్ని తర్వాత దేవాలయంగా మార్చుకున్నారు.

నీళ్లు తగ్గాయంటే నిజానికి నేల లేస్తున్నది. మంచు యుగంలో ఆ ప్రాంతం మీద సుమారు మూడు కిలోమీటర్ల మందాన మంచు కూర్చొని భూమిని కిందికి నొక్కిందట. బరువు కరిగిపోయి వేల ఏండ్లయినా నేల ఇంకా పైకి వస్తూనే ఉంది, ఏటా 8, 9 మిల్లీమీటర్ల చొప్పున. అక్కడ గట్లు పల్లంగా ఉంటాయి గనుక ఆ కొద్దిపాటి ఎత్తుకే నీటి అంచు చాలా దూరం వెనక్కి పోతుంది. ఆ తీరమంతటా కలిపి సంవత్సరానికి దాదాపు ఒక చదరపు కిలోమీటరు కొత్త నేల పుడుతుందంటారు. ఉప్పాడలో సముద్రం ఊరిని కోసుకుపోవడం కళ్లారా చూసినవాణ్ణి, నాకు ఇది నమ్మబుద్ధి కాలేదు.

మరునాడు 1997లో తెరచిన పెద్ద వంతెన దాటి రెప్లాట్ దీవికి వెళ్లాము. ఇల్లు అమ్మజూపినావిడ భర్త పోయిన పెద్ద మనిషి. బేరం మాటకు ముందు సౌనా కాచాను రమ్మన్నది. ఆవిరి గదిలో చెమటలు పట్టేదాకా కూర్చొని, తిన్నగా వెళ్లి సముద్రపు మంచులో కోసిన గుంటలో దిగడం వారి మర్యాద. మొదట ఆమె అడిగింది గుండె సంగతి. నాకు రక్తపు పోటు ఉందనగానే తువ్వాలు నా చేతికిచ్చి ఒడ్డున నిలబెట్టింది. చల్లని నీళ్లు తగలగానే ఊపిరి ఒక్కసారిగా ఎగపోస్తుంది, పోటు పెరుగుతుంది; గుండె జబ్బువాళ్లకు అది ప్రాణం మీదికి రావచ్చు.

మా ఇంటావిడ పాత పంజాబీ డ్రస్సు, ఉన్ని టోపీ, ఉన్ని మేజోళ్లు వేసుకొని కొయ్య నిచ్చెన మీద నిలబడింది. ఒంటరిగా ఎన్నడూ దిగకూడదని, దూకకూడదని, తల ముంచకూడదని, ఊపిరి మెల్లగా బయటికి వదులుతూ దిగాలని పెద్దావిడ సైగలతోనే నేర్పింది. ఈవిడ మెడదాకా దిగి "ప్రభువా!" అని ఒక్క కేక పెట్టింది. నేను ఇరవై లెక్కపెట్టేలోగా పైకి వచ్చేసింది. ఒళ్లు కందగడ్డలా ఎర్రబడింది, ముఖాన మాత్రం చిన్నపిల్ల నవ్వు. "నయమానుకు ఏడు మునకలండీ, నాకు ఒకటి చాలు" అన్నది.

కాఫీ తాగుతూ పటం పరిచారు. పెరట్లో భోజ వృక్షాల మధ్య ఒక పడవ కొట్టం ఉంది. పెద్దావిడ మామగారి కాలంలో దాని గుమ్మానికే పడవ కట్టేవారట. ఇప్పుడు నీళ్లెక్కడో ఉన్నాయి. పటంలో ఇంటి స్థలపు గీత నీళ్లదాకా పోనేలేదు. మధ్యన కొత్తగా లేచిన పట్టీ ఇంటి యజమానిది కాదు. ఆ నీటికి ఉమ్మడి హక్కుదారులైన ఊరివారిది. కావాలంటే సర్వే చేయించి వేరే సొమ్ము కట్టి కలుపుకోవాలి. పైగా మా అబ్బాయిది భారత పాస్‌పోర్టు. ఐరోపా సమాఖ్య బయటి పౌరులు అక్కడ నేల కొనాలంటే 2020 నుండి రక్షణ శాఖ అనుమతి ఉండాలి.

ఆ రాత్రి నిద్రపట్టక యిర్మీయాను తలచుకున్నాను. శత్రువులు పట్టణాన్ని చుట్టుముట్టి ఉండగా ఆయన అనాతోతులో పొలం కొని, సాక్షుల యెదుట వెండి తూచి, పత్రాన్ని మట్టికుండలో దాచిపెట్టించాడు. సండే స్కూలులో ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఆయన కొన్నది పితరుల నేల అని నొక్కి చెప్పేవాణ్ణి. ఆ మాటే మా అబ్బాయితో అందామనుకున్నాను. కాని మా కాలవ కింది ఎకరం మాత్రం ఏ పితరులది? మా తండ్రిగారు ఉద్యోగం కోసం వచ్చిన పరాయి ఊళ్లో కొన్నదే గదా. అప్పుడు మా తాతగారు ఆయనతో ఏడాది మాట్లాడలేదు.

సెలవు తీసుకునేటప్పుడు మా ఇంటావిడ పెద్దావిడను అడిగింది, మేము కొన్నా కొనకపోయినా మళ్లీ ఒకసారి మునగనిస్తారా అని. "సముద్రం నాదా?" అని ఆవిడ ఆశ్చర్యపోయింది. ఇంటి ముంగిలి తప్ప నీళ్లలో ఈదడానికి, మంచు మీద నడవడానికి అక్కడ ఎవరికైనా హక్కు ఉందట. తర్వాత మా అబ్బాయి భుజం తట్టి, మంచులో సంతకం చేయవద్దు, నేల ఎక్కడ ఆగిందో మంచు కింద కనబడదు, జూన్‌లో వచ్చి చూసుకో అన్నది. అమ్ముకొనే మనిషి నోట ఆ మాట!

జూన్‌లో అబ్బాయి వెళ్లి టేపు పట్టి కొలిచాడు. స్థలపు గీతకు, నీటికి మధ్య 14 మీటర్లు. తన చేత్తో గీసిన పటం మాకు పంపాడు, ఏమీ అడగలేదు. దానిని నేను ఎకరం పాసుపుస్తకంలో పెట్టి బీరువాలో ఉంచాను.