పెన్సిలుతో రాసిన అర్జీ

హానిబల్‌లో మార్క్ ట్వైన్ పేరు తగలని వీధి లేదు. హోటలుకీ ఆయన పేరే, గుహకీ ఆయన పేరే, మిసిసిపీ మీద షికారు తిప్పే పడవకీ ఆయన పేరే. కార్డిఫ్ హిల్ మొదట్లో టామ్, హక్ కంచు బొమ్మలై నిలబడి ఉంటారు. సెయింట్ లూయిస్ నుంచి 61వ నంబరు హైవే పట్టుకుని ఉత్తరంగా వంద మైళ్ళు వస్తే ఈ ఊరు. మా మావయ్య ఈ ప్రయాణానికి ఒప్పుకున్నది టామ్ సాయర్ కోసం. నండూరి రామమోహనరావు గారి తెలుగులో చిన్నప్పుడు చదివాడట. ఇండియా నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆ గుహ చూపించమంటున్నాడు.

నేను వచ్చింది మాత్రం వేరే మనిషి కోసం. పేరు క్లారెన్స్ ఎర్ల్ గిడియన్. 1910లో ఈ ఊళ్ళోనే పుట్టాడు, చచ్చిపోయాక ఈ ఊరికే తెచ్చి పాతిపెట్టారు. ఆ మాట కార్లో చెబితే మావయ్య కిటికీలోంచి చూపు తిప్పలేదు.

“ఏం చేశాడు?”

“చిల్లర దొంగతనాలు. చాలాసార్లు జైలుకెళ్ళాడు.”

“దొంగ సమాధి చూడ్డానికి ఇంత పెట్రోలా?”

మావయ్య జైళ్ళ శాఖలో డిప్యూటీ జైలరుగా రిటైరయ్యాడు. దొంగలంటే ఆయనకి కోపమూ లేదు, కుతూహలమూ లేదు. కానీ ఆ ఖైదీ జైల్లో కూర్చుని సొంతంగా రాసుకున్న అర్జీతో సుప్రీంకోర్టు తన పాత తీర్పునే కొట్టేసుకుందని చెప్పగానే సీట్లో సర్దుకుని కూర్చున్నాడు.

“జైలు అప్పీలా?”

సరిగ్గా చెప్పాలంటే అప్పీలు కాదు. ఫ్లోరిడా సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ వేశాడు. 1961 అక్టోబరులో అది పోయింది. దాని మీద వాషింగ్టన్‌కి రాశాడు. మావయ్యకి ఈ తేడా నచ్చింది. లా చదివి సాఫ్ట్‌వేర్లోకి జారుకున్నవాణ్ణి నేను, జైలు రికార్డుల మధ్య బతికినవాడు ఆయన. మిగిలిన దారి పొడుగునా ఆయన అడగడం, నేను చెప్పడం.

ఫ్లోరిడాలో పనామా సిటీ అనే ఊరు. 1961 జూన్ 3న అక్కడ ఒక పూల్‌రూములో దొంగలు పడ్డారు. సిగరెట్ల మెషిన్లో చిల్లర, కొన్ని సీసాలు పోయాయి. గిడియన్ని పట్టుకున్నారు. ఆగస్టు 4న కోర్టులో నిలబెడితే, నా దగ్గర డబ్బు లేదు, వకీల్ని ఇప్పించండన్నాడు. ఉరిశిక్ష పడే కేసుల్లో తప్ప ఇవ్వడానికి ఫ్లోరిడా చట్టం ఒప్పుకోదన్నారు జడ్జి మెక్రేరీ. ఆయన చెప్పింది అప్పటి చట్టమే. దాంతో గిడియన్ తన కేసు తనే నడుపుకున్నాడు. సాక్షుల్ని పిలిచాడు, ప్రశ్నలడిగాడు. వకీలు కాని మనిషి చేయగలిగినంతా చేశాడని తర్వాత సుప్రీంకోర్టే రాసింది. జ్యూరీ దోషి అంది. అయిదేళ్ళు వేశారు.

ఊళ్ళోకి వచ్చాక ముందు సమాధులకే పోదామన్నాడు మావయ్య, గుహ ఎక్కడికీ పోదుగా అని.

మౌంట్ ఒలివెట్ శ్మశానం ఊరికి దక్షిణాన గుట్ట మీద ఉంది. అక్కడ గడ్డి కోస్తున్నాయన మమ్మల్ని చూడగానే, అడక్కుండానే, మార్క్ ట్వైన్ నాన్న సమాధి వైపు చెయ్యి చూపించాడు. ఇక్కడికొచ్చే వాళ్ళంతా అందుకే వస్తారు కాబోలు. ట్వైన్ తల్లీ, తండ్రీ, తమ్ముడు హెన్రీ ఇక్కడే ఉన్నారు. తండ్రి జాన్ మార్షల్ క్లెమెన్స్ ఈ ఊళ్ళో జస్టిస్ ఆఫ్ ది పీస్‌గా చేశాడు, అంటే చిన్న తగాదాలు తీర్చే మేజిస్ట్రేటు. “జడ్జీ ముద్దాయీ ఒకే కాంపౌండులోనా!” అన్నాడు మావయ్య. గిడియన్ పేరు చెబితే గడ్డి కోసే ఆయన యంత్రం ఆపి తనే వెంట వచ్చి చూపించాడు.

1972 జనవరిలో ఫ్లోరిడాలో పోయాడు గిడియన్. ఇక్కడ పాతిపెట్టాక చాలాకాలం రాయి కూడా లేదు. తర్వాత అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ వాళ్ళు గ్రానైటు రాయి వేయించారు. తన వకీలుకి గిడియన్ రాసిన ఉత్తరంలోని ముక్కే దాని మీద చెక్కారు. ప్రతి కాలమూ మనుషుల మేలు కోసం చట్టాన్ని కొంత బాగుచేసుకుంటుంది అన్న అర్థంలో ఉంటుంది.

ఆ అర్జీ బొమ్మలు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ అందరికీ అందుబాటులో పెట్టింది. నేను ప్రింటు తీసి తెచ్చాను. మావయ్య కళ్ళజోడు పెట్టుకుని అక్కడే నిలబడి చదవడం మొదలుపెట్టాడు. గీతల కాగితం మీద పెన్సిలు రాత, అక్షరం అక్షరం విడివిడిగా. స్పెల్లింగులు అక్కడక్కడా తప్పు. ఆయన చూపు ముందు పడింది మాత్రం అర్జీ మీద కాదు, కాగితం నెత్తిన జైలు వాళ్ళు అచ్చు వేయించుకున్న నిబంధనల మీద. వారానికి రెండే ఉత్తరాలు, ఒక వైపే రాయాలి, ఇంగ్లీషులోనే రాయాలి.

“ఇది మా వాళ్ళే రాసినట్టుందిరా,” అన్నాడు. ఏ దేశమైనా జైలు జైలే అన్న తృప్తి ఆ మొహంలో.

అర్జీ మొత్తం చదివి, “నేను దొంగతనం చెయ్యలేదు మొర్రో అని పెద్దగా ఏడవలేదే!” అన్నాడు.

నాకూ ఎప్పుడూ తోచేది అదే. అర్జీ బరువంతా ఒక్కదాని మీదే ఉంది. వకీలు కావాలన్నాను, ఇవ్వలేదు. ఇలా ఇవ్వకపోవడం కుదరదని సుప్రీంకోర్టు ఇదివరకే చెప్పిందని కూడా రాశాడు గిడియన్. అది నిజం కాదు. 1942లో బెట్స్ వర్సెస్ బ్రేడీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది దాదాపు దానికి తిరగేసి. రాష్ట్రాల కోర్టుల్లో బీద ముద్దాయికి వకీల్ని ఇచ్చి తీరాలని లేదు, చదువు రాకపోవడమో మతి సరిగా లేకపోవడమో మరో ప్రత్యేక పరిస్థితో ఉంటే చూస్తాం అంది. చట్టం తెలిసిన వకీలెవడైనా ఆ అర్జీ రాసి ఉంటే ఏం చేసేవాడు? ఆ ప్రత్యేక పరిస్థితుల జాబితాలోంచి ఏదో ఒకటి గిడియన్‌కి తగిలించేవాడు. చిన్నప్పుడే ఇల్లు వదిలి పారిపోయాడు, చదువు అంతంతమాత్రం, ఒంట్లో బాగుండదు అని. అలా అయితే ఆ ఒక్కడి సంగతి తేల్చి, 1942 తీర్పు జోలికి పోకుండా ఊరుకునే వీలు కోర్టుకి దొరికేది. గిడియన్ ఆ వెసులుబాటు ఇవ్వలేదు, ఎందుకంటే అలాంటిదొకటి ఉందని అతనికి తెలియదు. అతని కథ చెప్పేవాళ్ళు అతని పట్టుదలని మెచ్చుకుంటారు. నేనైతే ఆ తెలియనితనానికి ఎక్కువ మార్కులు వేస్తాను.

రెండో భాగం మార్కులు కోర్టు గుమాస్తాలవి. మామూలుగా ఆ కోర్టుకి అర్జీ పెట్టాలంటే ప్రతులు 40 కావాలి. డబ్బు లేనివాళ్ళ పాపర్ పిటిషన్లకి ఆ పట్టింపులు సడలించే నిబంధన ఉంది. అందుకే 1962 జనవరిలో రేఫర్డ్ జైలు నుంచి వచ్చిన ఆ పెన్సిలు కాగితాలు చెత్తబుట్టలో పడకుండా ఫైల్లోకి వెళ్ళాయి. మావయ్య దీనికి గట్టిగా తలూపాడు. “రాసినవాడి పేరు అందరికీ తెలుస్తుంది, కవరు చింపి నంబరేసినవాడి పేరు ఎవడికీ తెలీదు.” సర్వీసు మొత్తం కవర్లకి నంబర్లు వేసినవాడి బాధ అది.

ఆ జూన్‌లో కోర్టు అర్జీని విచారణకి తీసుకుని, ఏబ్ ఫోర్టస్ అనే పేరున్న వాషింగ్టన్ వకీల్ని గిడియన్ కోసం నియమించింది. ఆయన తర్వాత అదే కోర్టులో జడ్జి అయ్యాడు. మీ గురించి చెప్పండని ఫోర్టస్ అడిగితే గిడియన్ 22 పేజీలు రాసి పంపాడు. ఇటు ఫ్లోరిడా తరఫున బ్రూస్ జేకబ్ అనే కుర్ర వకీలు, మాకు మద్దతివ్వండి అంటూ మిగతా రాష్ట్రాలకి ఉత్తరాలు రాశాడు. అది ఎదురు తన్నింది. అలబామా, నార్త్ కరోలినా మాత్రమే అతని వైపు నిలిచాయి. మినెసోటాకి అప్పుడు అటార్నీ జనరల్‌గా ఉన్న వాల్టర్ మాండేల్ లాంటి వాళ్ళు పూనుకోవడంతో 22 రాష్ట్రాలు ఖైదీ పక్షాన వచ్చాయి.

1963 మార్చి 18న తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాట మీద తీర్పు చెప్పారు. రాసింది హ్యూగో బ్లాక్. 1942లో బెట్స్ తీర్పుకి అసమ్మతి రాసింది కూడా ఆయనే, ఇరవై ఏళ్ళు కాచుకుని ఉన్నాడు. మొదటి అప్పీలుకి కూడా బీదవాడికి వకీల్ని ఇవ్వాలని మరో కేసులో అదే రోజు చెప్పారు.

“వాదనలప్పుడు వీడు కోర్టులో ఉన్నాడా?” అన్నాడు మావయ్య. లేడు. జనవరిలో వాదనలు జరిగినప్పుడు రేఫర్డ్‌లోనే ఉన్నాడు.

“ఉండడులే. మా వాళ్ళకీ అంతే. అర్జీ వెళ్ళేది, మనిషి వెళ్ళేవాడు కాదు.”

కొండ దిగి భోజనానికి కూర్చున్నాక ఆయన తన సంగతులు చెప్పుకొచ్చాడు. మా దగ్గర ఇది ఎప్పటి నుంచో ఉందిరా అన్నాడు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 420వ సెక్షను. మోసం కింద 2024 దాకా వేసిన ఐపీసీ 420 కాదు, ఇది వేరు. 1973 కోడులో 383 అయింది, ఇప్పుడు కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 424. ఖైదీ తన అప్పీలు జైలు అధికారి చేతికిస్తే చాలు, పైకోర్టుకి పంపించే పూచీ జైలుది. హైకోర్టుకైతే గడువు 60 రోజులు, తీర్పు నకలు కోసం పట్టిన రోజులు అందులో లెక్కకి రావు. ఆయన సర్వీసులో చూసిన అప్పీళ్ళన్నీ దాదాపు ఒకే చేతిరాతట. ఆఫీసులో రైటరుగా పెట్టుకున్న జీవితఖైదీ ఒకడు రాసేవాడు. “నేను నిర్దోషిని, బీదవాణ్ణి, వృద్ధులైన తల్లిదండ్రులున్నారు, దయతలచి విడుదల చేయగలరు. పేరూ ఊరూ మాత్రం మారేవి. అడుగున వేలిముద్ర.”

“తల్లిదండ్రులు లేనివాళ్ళకి?”

“వాళ్ళకీ ఉండేవాళ్ళు.”

మన సుప్రీంకోర్టు ఈ దారిలో నడవడానికి కొంత కాలం పట్టింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉరిశిక్షలు పడ్డ ఖైదీల కోసం లండన్ నుంచి బారిస్టరు డి.ఎన్. ప్రిట్ వచ్చాడు. మాకు విచారణలో వకీలు లేడన్నది జనార్దనరెడ్డి కేసులో వాళ్ళ మొరల్లో ఒకటి. వకీలు లేనంతమాత్రాన విచారణ చెల్లకుండా పోదని 1951లో కోర్టు చెప్పింది. అమెరికా బెట్స్ కేసులో చెప్పినదానికి ఇది దగ్గర చుట్టం. 1978లో హొస్కోట్ కేసు వచ్చింది. తీర్పు నకలు చేతికందక అప్పీలు ఏళ్ళ తరబడి ఆలస్యమైన ఖైదీ అతను. ఆ తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ గిడియన్ని పేరు పెట్టి తలుచుకున్నారు. ఖైదీకి తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలి, అప్పీలుకి వకీలు లేకపోతే ఇప్పించాలి అన్నారు. నకలు ఇచ్చి సంతకం పుచ్చుకునే రిజిస్టరు మావయ్య చేతుల మీదుగా నడిచింది. అది ఏ కేసుతో వచ్చిందో మాత్రం ఈ భోజనాల బల్ల దగ్గరే తెలిసింది.

“మరిప్పుడు ఇక్కడ ఎవడూ సొంతంగా రాసుకోనక్కర్లేదన్నమాట.”

రాసుకుంటూనే ఉన్నారు. మొదటి అప్పీలు దాటి పైకి వెళ్ళాలంటే ప్రభుత్వం వకీల్ని ఇచ్చి తీరాలని లేదని 1974లో అమెరికా సుప్రీంకోర్టే చెప్పింది. కాబట్టి వేలమంది ఇంకా గిడియన్ చేసిన పనే చేస్తున్నారు. దీనికో విడ్డూరమైన ముగింపు కూడా ఉంది. కాలిఫోర్నియాలో మార్టినెజ్ అనే అతను సొంతంగా లా నేర్చుకుని ఏళ్ళ తరబడి పారాలీగల్‌గా పనిచేశాడు. పనిచేసిన చోట డబ్బు కాజేశాడని శిక్ష పడింది. నా అప్పీలు నేనే వాదించుకుంటా, మీ వకీలు నాకొద్దు అన్నాడు. విచారణలో సొంతంగా వాదించుకునే హక్కు 1975 నుంచీ ఉంది గానీ, అప్పీల్లో ఆ హక్కు రాజ్యాంగంలో లేదని 2000లో తేల్చేశారు. అడిగినవాడికి లేదనడంతో మొదలైన కథ, వద్దన్నవాడికి అంటగట్టడం దాకా వచ్చింది.

ఇన్ని కేసుల్లోనూ మావయ్యకి నచ్చింది 1988 నాటిది. టెన్నెసీ ఖైదీ ఒకడు గడువు లోపలే అప్పీలు నోటీసు జైలు వాళ్ళ చేతికిచ్చాడు. కోర్టుకి ఒక్కరోజు ఆలస్యంగా చేరింది. వకీలు లేని ఖైదీ జైలు అధికారికి ఇచ్చిన రోజే కోర్టులో వేసిన రోజు అని సుప్రీంకోర్టు నిలబెట్టింది. “మా 420 వీళ్ళకి తొంభై ఏళ్ళు పట్టిందన్నమాట!” అని కాఫీ ఇంకోటి చెప్పాడు.

1963 తీర్పు తర్వాత గిడియన్ కేసు మళ్ళీ అదే పనామా సిటీలో, అదే జడ్జి ముందు విచారణకొచ్చింది. ఈసారి పౌరహక్కుల వకీళ్ళు మయామీ నుంచి వస్తే వాళ్ళని వద్దన్నాడు గిడియన్, నేనే చూసుకుంటానన్నాడు. చివరికి తనకి నచ్చిన ఊరి వకీలు ఫ్రెడ్ టర్నర్‌ని అడిగితే జడ్జి ఆయన్నే నియమించారు. టర్నర్ ఆ ఊరి మనుషుల్నీ, ఆ పూల్‌రూమునీ ఎరిగినవాడు. ముఖ్యసాక్షి చెప్పినదంతా అతని నోటితోనే తూట్లు పొడిచాడు. 1963 ఆగస్టు 5న జ్యూరీ గంటసేపు మాట్లాడుకుని నిర్దోషి అంది. మొదటిసారి అడిగినప్పుడే ఇచ్చి ఉంటే రెండేళ్ళ జైలూ, ఇంత చరిత్రా రెండూ ఉండేవి కావు.

గుహకి టిక్కెట్టు వేళ దాటిపోయింది. మావయ్య పెద్దగా బాధపడలేదు. ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదైంది, ఇండియాలో తెల్లవారింది. తను పనిచేసిన జైల్లో ఇంకా సర్వీసులో ఉన్న జూనియరుకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. జైలు అప్పీళ్ళు ఇప్పుడెలా పంపుతున్నారోయ్ అని అడిగాడు. లీగల్ ఎయిడ్ క్లినిక్ లోపలే ఉంది సార్, ప్యానెల్ అడ్వకేట్లు వస్తారు, వాళ్ళే చూసుకుంటారు అన్నాడతను.

“మరి మన రైటరో?”

“వాడు విడుదలై చాలా కాలమైంది కదండీ. కలెక్టరాఫీసు బయట అర్జీలు రాస్తున్నాడు.”