ముందు వీడియో ఆపు బిడ్డా!

2020 మార్చి దాకా ఆయన సెల్ నెంబరు ఆ యూనివర్సిటీలో పదిమందికి మించి తెలీదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు. హైదరాబాద్‌లోని ఓ యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్లో ఆయన ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి. ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే లాగడం, ఎలుకలు కొరికిన వైర్లు మార్చడం, హాస్టల్లో వైఫై రావట్లేదంటే నిచ్చెన వేసుకుని రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయడం... పదకొండేళ్లుగా ఇదే పని. అందరూ ‘కంప్యూటరాయన’ అంటారు. అసలు పేరు జీతాల రిజిస్టర్లో ఉంటుంది, అంతే.

ఆ మార్చి మధ్యలో హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. పిల్లలు రెండు జతల బట్టలు సంచిలో కుక్కుకుని బస్సెక్కారు. వారం, మహా అయితే పదిహేను రోజులు అనుకున్నారు పాపం. పుస్తకాలు, నోట్సులు గదుల్లోనే ఉండిపోయాయి. 22న జనతా కర్ఫ్యూ. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఏప్రిల్లో యూనివర్సిటీ ఓ సర్క్యులర్ పంపింది. పాఠాలు ఇకపై ఆన్‌లైన్లో జరుగుతాయి, సాంకేతిక ఇబ్బందులుంటే ఈ కింది నెంబరుకు ఫోన్ చేయండి అని దాని సారాంశం. ఆ కింది నెంబరు ఆయనది. ముందుగా ఆయన్నెవరూ అడగలేదు. సర్క్యులర్ ఆయన చూసేలోపే ఏడు మిస్డ్ కాల్స్!

మొదట్లో పిల్లలకన్నా పంతుళ్లే ఎక్కువగా చేసేవారు. అందులో లెక్కల ప్రొఫెసర్ ఒకాయన. రిటైర్మెంట్‌కు ఇంకా మూడేళ్లుంది. ‘చేతిలో సుద్దముక్క లేకపోతే నాకు లెక్క నడవదయ్యా’ అని మొదటి రోజే చేతులెత్తేశారు. కంప్యూటరాయన సాయంత్రాలు మూడు ఖర్చుపెట్టి ఫోన్లోనే ఓ దారి చెప్పాడు. వంటింట్లోని రెండు స్టీలు డబ్బాలు బల్ల మీద ఎదురెదురుగా పెట్టించి, వాటి మీద అడ్డంగా రెండు స్కేళ్లు పరిపించి, మధ్యలో ఫోను బోర్లా పడుకోబెట్టించాడు. కెమెరా కింద తెల్లకాగితం. ప్రొఫెసరు గారు దాని మీద స్కెచ్ పెన్నుతో రాస్తుంటే పిల్లలకు కనిపిస్తుంది. ‘చెయ్యి అడ్డమొస్తోంది సార్, కాస్త పక్కకు...’ ‘ఇంకా పక్కకంటే గోడ మీద రాయాలయ్యా!’ ఎలాగో కుదిరింది. కందిపప్పు డబ్బా మాత్రం క్లాసు అయ్యేదాకా వంటింట్లోకి తిరిగి వెళ్లేది కాదు. వాళ్లింట్లో పదకొండింటికి కుక్కరు ఎక్కకపోవడానికి కారణం అదే.

అంతా జూమ్‌కు అలవాటు పడుతున్నారనగా ఏప్రిల్ 16న కేంద్ర హోంశాఖ అది సురక్షితం కాదని హెచ్చరించింది. దాంతో యూనివర్సిటీ గూగుల్ మీట్‌కు మారింది. ప్రొఫెసరు గారికి కోపమొచ్చింది. ‘మొన్ననే కదయ్యా నేర్పావు? నలభై నిమిషాలకు దానంతటదే కట్ అవుతుందని గుర్తుపెట్టుకుని, పాఠం కూడా దానికి తగ్గట్టు కోసుకున్నా’ అన్నారు. నేర్పిందంతా మళ్లీ మొదట్నుంచీ నేర్పాల్సి వచ్చింది.

ఈ పనిలో గొప్ప గొప్ప సాంకేతిక సమస్యలేవో ఉంటాయనుకుంటారు చాలామంది. ఉండేది పాస్‌వర్డ్. మరిచిపోయిన పాస్‌వర్డ్! కొత్తది కావాలంటే ఓటీపీ రావాలి. అది అడ్మిషన్ నాడు ఇచ్చిన నెంబరుకు వెళ్తుంది. ఆ నెంబరు నాన్నది. నాన్న రీచార్జి చేయించక ఆ సిమ్ ఎప్పుడో పోయింది. ఇలాంటివి రోజూ వచ్చేవి. అవతలివాళ్ల కంప్యూటర్‌ను ఇక్కణ్నుంచే నడిపించే సాఫ్ట్‌వేర్ పెట్టించుకుని కొన్ని సర్దేవాడు. అలా తెరుచుకున్న ఒక్కో ప్రొఫెసర్ డెస్క్‌టాప్ చూస్తే, వాళ్ల బీరువా కూడా ఎలా ఉంటుందో చెప్పేయొచ్చంటాడు.

శ్రీకాకుళం వైపు పల్లెలో చిక్కుకున్న ఓ రీసెర్చి స్కాలర్ బాధ వేరు. థీసిస్‌కు కావల్సిన జర్నల్ వ్యాసం తెరిస్తే డబ్బు కట్టమంటోంది. క్యాంపస్‌లో ఉన్నప్పుడు అదే వ్యాసం ఊరికే తెరుచుకునేది. ఎందుకిలా? ఆ జర్నళ్లకు యూనివర్సిటీ ఏటా చందా కడుతుంది. చదివేది మనవాడా పరాయివాడా అన్నది జర్నల్ వాళ్లు మనిషి పేరును బట్టి చూడరు. ఏ నెట్‌వర్క్ నుంచి వచ్చాడో ఆ అంకెల చిరునామా చూస్తారు. క్యాంపస్ చిరునామా అయితే తలుపు తీస్తారు. శ్రీకాకుళం సెల్ టవర్ చిరునామా అయితే తీయరు. దీనికి విరుగుడు వీపీఎన్. ఇంట్లోని కంప్యూటర్ నుంచి క్యాంపస్ దాకా ఓ సొరంగం తవ్వినట్టన్న మాట. ఇటు దూరి అటు తేలితే జర్నల్ వాళ్లకు క్యాంపస్‌లో ఉన్నట్టే లెక్క. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల ‘ఇన్‌ఫెడ్’ అయితే ఆ సొరంగం కూడా అక్కర్లేదు, యూనివర్సిటీ లాగిన్ ఉంటే చాలు. ఆ స్కాలర్‌కు ఇవన్నీ ఏర్పాటు చేయడానికి నాలుగు రోజులు పట్టింది. అందులో మూడు రోజులు సంతకం పెట్టాల్సిన ఆఫీసరు దొరక్కపోవడం వల్ల పోయినవే.

ఇంతకీ కంప్యూటరాయన ఇవన్నీ ఎక్కణ్నుంచి చేశాడు? ఉప్పల్‌లో రెండు గదుల అద్దె ఇంట్లోంచి. ఇంట్లో ఉన్నది ఒకటే స్మార్ట్ ఫోను. ఎనిమిదో తరగతి చదివే కూతురికి పొద్దున పదింటికి ఆన్‌లైన్ క్లాసు. సరిగ్గా అప్పుడే యూనివర్సిటీ పాఠాలూ మొదలయ్యేవి. కూతురు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని సైన్స్ వింటుంటే మధ్యలో ఎవరో ఒక డాక్టరేటు గారి ఫోను. క్లాసు కట్! ఓ రోజు తండ్రి స్నానానికి వెళ్లినప్పుడు లెక్కల ప్రొఫెసర్ ఫోన్ చేస్తే, ఆ పిల్లే ఎత్తి ‘ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి తాతయ్యా’ అని చెప్పి పెట్టేసిందట. పనైపోయిందని పది నిమిషాల తర్వాత ప్రొఫెసరు గారే చెప్పారు. జూన్‌లో ఆయన వాయిదాల మీద రెండో ఫోను కొన్నాడు. దాని సంగతి ఏ సర్క్యులర్లోనూ లేదు.

ఆగస్టులో అదే ప్రొఫెసర్ నుంచి వేరే రకం ఫిర్యాదు వచ్చింది. ‘ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో ఓ అమ్మాయి ఆటలాడుతోందయ్యా. వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడల్లా టింగుమని మోత. మిగతావాళ్ల ధ్యాస చెడుతోంది. ఇలాగైతే హాజరు వేయను’ అన్నారాయన. హాజరు 75 శాతం లేకపోతే పరీక్ష రాయనివ్వరు. స్కాలర్‌షిప్ కూడా దాన్ని బట్టే.

కంప్యూటరాయన అడ్మిన్ లాగ్ తెరిచి చూశాడు. ఎవరు ఎన్నింటికి క్లాసులోకి వచ్చారు, ఎంతసేపు ఉన్నారన్నది అందులో సెకన్లతో సహా ఉంటుంది. ఆ రోజు యాభై నిమిషాల క్లాసులో ఆ అమ్మాయి పదిహేడు సార్లు వచ్చింది. రెండు నిమిషాలు, నలభై సెకన్లు, నాలుగు నిమిషాలు, పదకొండు సెకన్లు... ముందు రోజు తీశాడు. పద్నాలుగు సార్లు. అంతకు ముందు రోజు ఇరవై ఒకటి. సారుకు ఫోన్ చేసి ఒకే మాట అన్నాడు. ‘క్లాసు ఎగ్గొట్టేటోళ్లు పదిహేడు సార్లు తిరిగొస్తరా సార్?’

తర్వాత ఆ అమ్మాయికి చేశాడు. ఆరోసారికి కలిసింది.

‘ఏడున్నవ్ బిడ్డా ఇప్పుడు?’

‘ఇప్పచెట్టు కింద సార్.’

ఉట్నూరు అవతల గోండుగూడెం. ఇంట్లో సిగ్నల్ అందదు. పత్తిచేను దాటి గుట్ట మీదికి నడిచివస్తే ఆ ఇప్పచెట్టు కింద రెండు గీతలు కనిపిస్తాయి. ముసురు పడితే అవీ పోతాయి. ఫోను అన్నది. వాళ్లన్న గొడుగు పట్టుకుని పక్కన నిలబడతాడు. పొద్దున్నే చేనులో కలుపు తీసి, చేతులు కడుక్కుని క్లాసుకు వస్తుంది. రీచార్జి రోజుకు ఒకటిన్నర జీబీ. గంటసేపు వీడియో పాఠం వింటే ఒక జీబీ దాకా ఖర్చయిపోతుంది. రోజుకు నాలుగు క్లాసులు. లెక్కల్లో ఎమ్మెస్సీ చదివే పిల్లకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు.

‘ముందు వీడియో ఆపు బిడ్డా. నీ కెమెరా కాదు, సారుది కూడా నీకు కనపడకుంట చెయ్. గొంతు ఒక్కటే విను’ అన్నాడు. ఎలా చేయాలో ఒక్కో మెట్టూ చెప్పాడు. గొంతు మాత్రమే అయితే గంటకు వంద ఎంబీ కూడా కాదు. కానీ లెక్కల పాఠం చెవితో ఎంతని అర్థమవుతుంది?

దేశంలో ఎంతమందికి ఏముందో అప్పటికి తెలియక కాదు. జాతీయ నమూనా సర్వే 2017-18లో తేల్చిన లెక్క ప్రకారం పల్లెల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్లు నూటికి నాలుగు పైచిలుకు. ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి పదిహేను. అంతెందుకు, దూరాన ఉన్నవాళ్లకు చదువు చెప్పడం తెలుగునేలకు కొత్తేమీ కాదు. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన దగ్గరే పుట్టింది, ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో నడుస్తున్నదే. దాన్ని తీర్చిదిద్దిన జి.రామ్‌రెడ్డి గారినే 1985లో ఢిల్లీకి పిలిచి ఇగ్నోకు తొలి వైస్ చాన్స్‌లర్‌ను చేశారు. విద్యార్థి ఎదురుగా లేడని ఒప్పుకుని మొదలైన చదువది. అందుకే పాఠం అచ్చేసి చేతికిచ్చింది, రేడియోలో చెప్పింది, దగ్గరి ఊళ్లో స్టడీ సెంటర్ పెట్టింది. 2020లో మిగతా యూనివర్సిటీలు చేసిందల్లా టైంటేబుల్ మార్చకుండా గదిని తీసుకెళ్లి ఫోన్లో పెట్టడం. అటెండెన్సు రిజిస్టరుతో సహా!

కంప్యూటరాయన ఆ డిపార్ట్‌మెంటుకు ఓ లెటర్ రాశాడు. లాగ్‌లో ఇలా వచ్చిపోయేవాళ్లు ఆ అమ్మాయితో కలిపి పదకొండు మంది ఉన్నారు, వీళ్లు క్లాసు ఎగ్గొట్టట్లేదు, సిగ్నల్ నిలవట్లేదు, హాజరు విషయంలో దయచేసి ఆలోచించండి అని. ఉద్యోగంలో చేరాక ఆయన రాసిన మొదటి లెటర్ అదే. దానికి మొదటి జవాబు ఆఫీసు నుంచి ఫోన్లో వచ్చింది. ‘నీ పని వైర్లు చూడటం. హాజరుతో నీకేం సంబంధం?’ కాంట్రాక్టు ఏటేటా రెన్యువల్ చేయించుకోవాల్సిన మనిషితో ఆ మాట అనడంలో ఉద్దేశం ఆయనకు అర్థమైంది. భార్యకు చెప్పలేదు. ఆ రెండు వారాలు ఆయనకు సరిగా నిద్ర పట్టలేదు.

రెండో జవాబు లెక్కల ప్రొఫెసర్ నుంచి వచ్చింది. ఆయనేమీ వెంటనే కరిగిపోలేదు. రూలు రూలేనన్నారు. లాగ్ కాగితాలు పంపమన్నారు. లెక్కలాయన కదా, ఒక్కో విద్యార్థి ఉన్న సెకన్లన్నీ స్వయంగా కూడుకున్నారు. కూడాక ఓ ఆదివారం ఫోన్ చేశారు. ‘పాఠం అంతా రికార్డు చేసి చిన్న ఫైలు చేయడం ఎలాగయ్యా?’

అలా కొత్త పద్ధతి మొదలైంది. రాసిన కాగితాలు ఫొటోలు తీసి, సైజు తగ్గించి, వాట్సప్‌లో పంపేవారు. దానికి తోడు అరగంట ఆడియో. ‘మూడో కాగితం, పైనుంచి రెండో లైను చూడండి’ అని చెబుతూ సాగేది. సిగ్నల్ ఉన్నప్పుడు దించుకోవచ్చు, ఇంటికెళ్లి దీపం పెట్టాక వినొచ్చు. వారానికో లెక్క చేసి ఫొటో పంపితే ఆ వారం హాజరు పడ్డట్టే. మిగతా సబ్జెక్టుల్లో ఇద్దరు ఇదే పద్ధతికి వచ్చారు. ఒకరు రాలేదు.

పదకొండు మందిలో తొమ్మిది మంది పరీక్ష రాశారు. మిగిలిన ఇద్దరి ఫోన్లు దసరా నుంచే పలకలేదు. ఒకబ్బాయి హైదరాబాద్‌లోనే ఏదో గోడౌన్లో పనికి కుదిరాడని ఎవరో అన్నారు. రెండో అబ్బాయి సంగతి అదీ తెలీదు. ఆ రెండు నెంబర్లూ కంప్యూటరాయన ఫోన్లో ఇప్పటికీ ఉన్నాయి.

2021 ఫిబ్రవరి 1న తెలంగాణలో కాలేజీలు మళ్లీ తెరిచారు. నాలుగైదు రోజులకు మాస్కు పెట్టుకున్న ఓ అమ్మాయి వైఫై రిజిస్ట్రేషన్ కోసం కంప్యూటర్ సెంటర్‌కు వచ్చింది. ఫారం నింపుతుంటే ఆయన వెనకనుంచి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆమె పెన్ను ఆపి తలెత్తింది. ‘సార్, ముందు వీడియో ఆపమని చెప్పింది మీరేనా?’ ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. ఫోను నెంబరు గడిలో ఎవరి నెంబరు వేశావని ఆయన అడిగాడు. అన్నదని చెప్పింది. ‘అది కొట్టేసెయ్. నీదే సిమ్ ఒకటి తీసుకుని రేపు రా. లేకుంటే ఓటీపీతో మళ్లా తిప్పలే’ అని ఫారం వెనక్కిచ్చాడు.

ప్రొఫెసరు గారు 2023లో రిటైరయ్యారు. కంప్యూటరాయన ఇప్పటికీ అదే కుర్చీలో, అదే కాంట్రాక్టు మీద ఉన్నాడు. యూనివర్సిటీ ఇప్పుడు సాంకేతిక సమస్యల కోసం ఓ ఆన్‌లైన్ పోర్టల్ పెట్టింది. ఫిర్యాదు నమోదైతే నెంబరు ఇస్తుంది, ఎంతవరకు వచ్చిందో చూపిస్తుంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కాకపోతే పాస్‌వర్డ్ మరిచిపోయామని ఫిర్యాదు చేయాలన్నా ముందు పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లాలి. అందుకని అందరూ ఇంకా ఆయనకే ఫోన్ చేస్తున్నారు.