ఒక్క సీసా

మా వాడల కల్లు తాగనోళ్లు లేరు. ఇది దాచుకునే మాట కాదు కాబట్టి మొదలే చెప్తున్నాను. మాది పాలమూరు జిల్లాలో ఒక మాదిగవాడ. పొద్దంతా వంగి నాట్లేసి, కలుపు తీసి, పొద్దుగూకినాక ఇంటికొచ్చిన ఆడోళ్లు గుడిసె ముందు కూసోని ఒక సీసా ఈతకల్లు తాగేవాళ్లు. నడుం నొప్పి తగ్గుతదని తాగేవాళ్లు. కడుపు సల్లబడుతదని తాగేవాళ్లు. పండుగకు కల్లే, పెండ్లికి కల్లే, సావుకూ కల్లే. ఏడ్చే పిల్లలకు కూడా గుక్కెడు పోసేవాళ్లు. నాకూ పోసిండ్రు. మా ఆడోళ్లు తాగుతారు కాబట్టి వాళ్లకు మానం లేదని ఊళ్లో పెద్దకులపోళ్లు అనుకునేవాళ్లు. ఆ అనుకోవడం ఎంత పెద్ద ఆయుధమో నాకు పదకొండేళ్లప్పుడు తెలిసింది.

అది 1986. వరికోతల కాలం. మా పెద్దమ్మ కూతురికి పందొమ్మిదేళ్లు. పెండ్లయి ఏడాది దాటింది. మా బావ మేస్త్రి వెంట పూనా దిక్కు మట్టిపనికి పోయిండు. అక్క పటేలు పొలంలో కూలికి పోయేది. ఆ రోజు కల్లం కాడ గింజలు కొలిచి అందరినీ పంపిచ్చి, కల్లం ఊడ్వనీకి ఇద్దరిని ఆపిండ్రు. అక్క, ఇంకో వదిన. పొద్దుగూకే యాళ్లకు జీతగాడు సీసాలు తెచ్చి, "పటేలు పంపిండు, తాగుండ్రి" అన్నడు. కూలితోని కల్లు పొయ్యడం మాకు కొత్త కాదు. వదినకు ఆ రోజు ఒక్కపొద్దు. తాగలేదు. ఆమెను ఇంటికి పొమ్మన్నరు. అక్క ఒక్క సీసా తాగింది.

తెల్లారి గడ్డివాము పక్కన మా పెద్దమ్మకు దొరికింది. చీర మీద మట్టి, నెత్తిల గడ్డి. లేపితే లేవలేదు. లేసినాక కూడా నాలిక మడతపడ్డది. రాత్రి ఏమైందంటే ముక్కలు ముక్కలుగా చెప్పింది. లాంతరు వెలుగు యాదికి ఉంది, పటేలు కండ్లు యాదికి ఉన్నయి, నోరు తెరిస్తే మాట రాకపోవడం యాదికి ఉంది. నడుమ నడుమ ఏమీ లేదు, చీకటి. మా పెద్దమ్మ గుండె బాదుకుంటనే నీళ్లు కాగబెట్టి అక్కకు తలంటి పోసింది. ఆ చీరను తీస్కపోయి చెరువుల బండకేసి ఉతికింది. బిడ్డ ఒంటి మీద ఆ పాపం మిగలొద్దని ఆ తల్లి ఆరాటం. సాక్ష్యమంతా చెరువు నీళ్లల్ల పోయిందని ఆమెకు తెల్వదు, నాకూ తెల్వదు.

చావిడి కాడ పంచాయితీ పెట్టిండ్రు. నేను అమ్మ కొంగు పట్టుకొని నిలబడ్డ. ఒక పెద్దమనిషి అడిగిండు: "తాగినవానే?"

"తాగిన."

"తాగి పడ్డదానివి, ఎవడొచ్చిండో ఎవడు పోయిండో నీకేం ఎరుక?"

అక్క ఒకటే మాట పట్టుకుంది. "నేను ఒక్క సీసానే తాగిన. ఒక్క సీసకు నేను పడ్తనా? మీకు ఎరుక లేదా?" ఎవరూ జవాబియ్యలేదు. ఆ ఊళ్లో ప్రతి ఒక్కడికీ ఎరుకే, ఒక్క సీసకు మా ఆడోళ్లు పడరని. ఆ సీసాల ఏం కలిపినవని పటేలును అడగాల్సిన మాట అది. ఎవరూ అడగలేదు.

పటేలు వంతు వచ్చింది. ఆయన లేసి కూడా చెప్పలేదు. కూసున్న కాడినుంచే, "నేను కూడా తాగే ఉన్న. నాకేం యాదికి లేదు" అన్నడు. పెద్దమనుషులు తలలూపిండ్రు. మత్తుల తప్పు జరిగిందన్నరు. మూడు వందలు తప్పు కట్టమన్నరు. అందులో కొంత పక్కకు తీసి పంచాయితీకి కూసున్నోళ్లందరికీ కల్లు తెప్పిచ్చిండ్రు. మా అక్క బతుకు మీద తీర్పు చెప్పి, ఆ పైసలతోనే కల్లు తాగిండ్రు.

ఆయన తాగితే తప్పు కల్లుదైంది. మా అక్క తాగితే తప్పు మా అక్కదైంది. ఈ లెక్క నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. కడుపుల మాత్రం మిగిలింది.

ఎస్సీ హాస్టల్లో ఉండి చదువుకున్నాను. నర్సు ట్రైనింగు పాసై 1997లో ఒక సర్కారు ఆసుపత్రిలో చేరాను. అక్కడ ఒక రాత్రి ఒక కూలి ఆడమనిషిని తీసుకొచ్చిండ్రు. కండ్లు నిలపలేకపోతోంది, మాట ముద్దముద్దగా వస్తోంది. డ్యూటీ డాక్టరు దగ్గరికి వంగి వాసన చూసి, కాగితం మీద "తాగి ఉంది" అని రాసిండు. అంతే. రక్తం తియ్యలేదు, మూత్రం తియ్యలేదు. ఎవరు పోసిండ్రు, ఎంత పోసిండ్రు అని అడగలేదు. ఆ రెండు మాటలతో కేసు అక్కడనే సచ్చింది. నేను పక్కన ట్రే పట్టుకొని నిలబడి ఉన్నాను. నాకు చావిడి యాదికొచ్చింది. నోరు తెరవలేదు. కొత్త ఉద్యోగం, ఎస్సీ కోటా నర్సు అని వెనక గుసగుసలు. ఆ రాత్రి నా మౌనానికి కూడా ఈ వ్యాసంలో లెక్క రాస్తున్నాను.

ఆ తర్వాత చట్టం చదవడం మొదలుపెట్టాను. చదివితే కోపం ఇంకా పెరిగింది. మహారాష్ట్రలో మథుర అనే ఆదివాసీ పిల్లను 1972లో పోలీసు స్టేషన్లోనే పోలీసులు చెరిచిండ్రు. ఒంటి మీద గాయాల్లేవు, ఒప్పుకున్నట్టే అని 1978లో సుప్రీంకోర్టు వాళ్లను వదిలేసింది. దేశమంతా ఆడోళ్లు రోడ్ల మీదికొచ్చిండ్రు. దాంతో 1983లో చట్టం మారింది. అప్పుడు చేర్చిన మాటల్లో ఒకటి ఇది: మత్తులో ఉండిగానీ, ఎవడైనా మత్తు పదార్థం ఇయ్యడం వల్లగానీ జరిగేదేందో తెలుసుకోలేని స్థితిలో ఉన్న ఆడదాని "సరే" చెల్లదు, అది అత్యాచారమే. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షనులో కూడా ఈ మాట అట్లనే ఉంది. ఆమె తన చేతులతోనే తాగినా ఇది వర్తిస్తుంది. ఇక తాగి తప్పు చేసినోడి సంగతి. తనంతట తాను తాగినోడికి ఆ మత్తు సాకు కాదని 1860 నాటి పీనల్ కోడే చెప్పింది. అంటే మా అక్కను చావిడి కాడ నిలబెట్టేనాటికి ఈ రెండు మాటలూ చట్టంలో ఉన్నయి. చట్టం చెప్పినదాన్ని మా ఊరు తలకిందులు చేసింది.

నర్సుగా నేను నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. చదువుకునే పిల్లలు, సంఘాల్లో తిరిగేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి. తెలంగాణలో కల్లులో డైజిపాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలపడం ఎప్పటినుంచో ఉంది. జనం దాన్ని మందు కల్లు అంటారు. ఈ మందులు కల్లుతోగానీ సారాతోగానీ కలిస్తే మత్తు ఒకటికి రెండింతలైతది, ఊపిరి కూడా మందగిస్తది. మనిషి నడుస్తున్నట్టే, మాట్లాడుతున్నట్టే కనిపించినా జరిగింది మెదడుల నిలవదు. అందుకే ఆమె ముక్కలు ముక్కలుగా చెప్తది. అది అబద్ధం కాదు, మందు చేసే పని. మందు కలపకుండా, సారానో విస్కీనో బలవంతపెట్టి ఎక్కువ తాగించి చేసేవాళ్లు కూడా చాలామంది. అదీ నేరమే.

తాగినదానికి మించి మత్తెక్కిందంటే అనుమానించాలి. ఆమెను ఒంటరిగా వదలొద్దు. వెల్లకిలా పడుకోబెట్టొద్దు, వాంతి ఊపిరికి అడ్డం పడుతది. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఈ మందులు రక్తంలో త్వరగా తగ్గిపోతయి, మూత్రంలో ఇంకొంత ఎక్కువ సేపు దొరుకుతయి. అందుకే మొదటి మూత్రం పారబొయ్యొద్దు. ఆపుకోలేకపోతే శుభ్రమైన సీసాలో పట్టి మూత పెట్టాలి. తాగగా మిగిలింది, ఆ గ్లాసు, ఆ సీసా దాచాలి. స్నానం చెయ్యొద్దు, బట్టలు ఉతకొద్దు. చేసినా సరే, ఆలస్యమైనా సరే, పోవాలి. నాలుగు రోజుల దాకా నమూనాలు తియ్యాలని 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చెప్పినయి. ప్రైవేటు ఆసుపత్రైనా పైసా తీసుకోకుండా చూడాలని 2013 నుంచి చట్టం ఉంది. రక్తం, మూత్రం మత్తుమందు పరీక్షకు పంపండి అని మనమే నోరు తెరిచి అడగాలి. నేను ఆ రాత్రి అడగని మాట అది. ఆ తర్వాత ప్రతిసారీ అడిగాను.

ఈ మధ్య హాస్టళ్లకు పిలిస్తే పోయి మాట్లాడుతున్నాను. ఒక కాలేజీలో నాకంటే ముందు మాట్లాడినాయన ఆడపిల్లలకు జాగ్రత్తలు చెప్పిండు. ఎవరిచ్చినా తాగొద్దు, గ్లాసు వదలొద్దు, చీకటి పడితే బయటికి పోవద్దు. మా అక్క గ్లాసు ఎక్కడ వదిలింది? కూలి ఇచ్చే చెయ్యే సీసా కూడా ఇచ్చింది. వద్దంటే రేపటి కూలి ఉండదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు సారా దుకాణం మూయించినప్పుడు వాళ్లు మొగుళ్లను తిట్టి ఊరుకోలేదు, అమ్మేవాడి మీదికే పోయిండ్రు. మనం కూడా పోసినోడి మీదికే పోవాలి. నేను ఆ రోజు మగపిల్లల దిక్కు తిరిగి అడిగిన: "మీ గదిల, మీ పార్టీల ఎవడన్నా కలుపుతుంటే మీరు చూసిండ్రా? చూసి ఏం చేసిండ్రు?" హాలు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం నాకు తెలిసిందే. చావిడి కాడ విన్నదే.

ఆ మీటింగు అయిపోయినాక ఒక పిల్ల నా దగ్గరికొచ్చింది. "మేడం, నాకు సగమే యాదికుంది. సగం చెప్తే నమ్ముతరా?" అన్నది. నమ్ముతా అన్నాను. ఇంతకంటే ఆ పిల్ల గురించి రాయను.

మా అక్క బతికే ఉంది. పూనా పోయింది, బొంబాయి పోయింది, తట్టలు మోసి ఇద్దరు పిల్లల్ని సాకింది. ఆ రోజు నుంచి కల్లు ముట్టలేదు. ఈ వ్యాసం రాసే ముందు పోయి అడిగాను, "అక్కా, నీ సంగతి రాయాల్నా వద్దా" అని. చాలాసేపు ఏమీ అనలేదు. చాటలో బియ్యం ఏరుతున్నది. తర్వాత అన్నది:

"రాయి చెల్లె. నా పేరు రాయకు. ఊరి పేరు రాయకు, నా మనుమరాండ్లు ఉన్నరు. ఒక్క సీసానే తాగిందని మాత్రం రాయి."

రాసినక్కా.