సూదుల గదిలో ఒక పూట

సూదుల గదిలోకి వెళ్లకముందు చాలాసేపు ప్రశ్నలే నడిచాయి. మోకాళ్ల నొప్పి ఎప్పటి నుంచి? మెట్లు ఎక్కేటప్పుడు ఎక్కువా, దిగేటప్పుడు ఎక్కువా? నిద్ర పడుతోందా? డాక్టరమ్మ మా పిన్ని నాలుక చూశారు, రెండు చేతుల నాడీ పట్టి చూశారు. ఆ తర్వాత అడిగినవి నాకు ఇంకా ముఖ్యమనిపించాయి. గుండెకు పేస్‌మేకర్ ఉందా? రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? పొద్దున ఏమైనా తిన్నారా? ఆఖరిది మర్యాదకు అడిగిన ప్రశ్న కాదు. ఖాళీ కడుపుతో వస్తే కొందరికి సూది పెట్టగానే కళ్లు తిరుగుతాయి. అందుకే మొదటిసారి వచ్చినవాళ్లను పడుకోబెట్టే వైద్యం చేస్తారట.

సికింద్రాబాద్‌లో ఒక సందులో ఉన్న చిన్న ఆక్యుపంక్చర్ క్లినిక్ అది. మూడు మంచాలు, మధ్యలో పచ్చ కర్టెన్లు. ఆపరేషన్ అంటే పిన్నికి భయం. నొప్పి బిళ్లలేమో కడుపులో మంట పెడుతున్నాయి. ఎవరో చెబితే ఇక్కడికి వస్తానంది, నేను వెంట వెళ్లాను.

మంచమెక్కాక పిన్ని అడిగిన మొదటి మాట: "రక్తం వస్తదా అమ్మా?"

"రాదమ్మా. ఒకవేళ వచ్చినా ఒక్క చుక్క, దూదితో ఒత్తితే ఆగిపోతది."

డాక్టరమ్మ మా కళ్లముందే ప్యాకెట్ చింపారు. ఒకసారి వాడి పారేసే స్టీలు సూదులు. ఇంజెక్షన్ సూదిలా లోపల రంధ్రం ఉండదు, మందు ఎక్కించేదీ ఉండదు. లావు పావు మిల్లీమీటరు. పిన్ని వేళ్లనే మోకాటి చిప్ప కింద అడ్డంగా పెట్టి నాలుగు వేళ్ల దూరం కొలిచి, ఎముకకు బయటివైపు ఒక చోట స్పిరిట్‌తో తుడిచారు. ఈ వైద్యంలో కొలత రోగి వేళ్లతోనే, ఎందుకంటే ఒంటిని బట్టి చోటు మారుతుంది. చైనావాళ్లు ఆ చోటును జుసాన్లీ అంటారు. సన్నటి ప్లాస్టిక్ గొట్టం చర్మానికి ఆనించి, పైకి తేలిన సూది కొసను వేలితో టక్కున తట్టారు. గొట్టం తీసేసి, సూదిని రెండు వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతూ ఇంకాస్త దించారు.

"ఇప్పుడేమనిపిస్తోంది?"

"గుచ్చినప్పుడు తెల్వలేదు. ఇప్పుడు లోపల బరువుగ గుంజుతున్నది, పాదం దాకా."

ఆ బరువు, ఆ లాగుడు, కొందరికి తిమ్మిరి. సూది సరిగా కుదిరిందనడానికి వైద్యులు చూసుకునే గుర్తు అదే. చురుక్కున మండినా, కరెంటు కొట్టినట్టు జివ్వుమన్నా ఓర్చుకోకుండా చెప్పేయాలి, సూది జరిపి పెడతారు. మోకాటి చిప్ప కింద రెండు పక్కల గుంటల్లో, చీలమండ దగ్గర మరికొన్ని పెట్టారు. పక్క మంచం మీదాయనకు సూదులకు క్లిప్పులు తగిలించి చిన్న యంత్రంతో కరెంటు ఇస్తున్నారు. పేస్‌మేకర్ సంగతి ఎందుకడిగారో అప్పుడర్థమైంది. అరగంటలోపే పిన్ని సూదులతోనే నిద్రపోయింది. సూదులు తీసేటప్పుడు నిజంగానే ఒక్క చోట చుక్క రక్తం కనబడింది.

ఈ వైద్యం మన దేశానికి వచ్చిన దారి గొప్పది. జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకు 1938లో వెళ్లిన భారత వైద్యబృందంలో కొట్నీస్‌తో పాటు బిజయ్ కుమార్ బసు ఉన్నారు. కొట్నీస్ 1942లో అక్కడే కన్నుమూశారు. బసు తిరిగొచ్చి, తర్వాత మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. పశ్చిమ బెంగాల్ 1996లో దీనికి చట్టమే చేసింది. కేంద్రం గుర్తింపు 2019లో వచ్చింది.

పనిచేస్తుందా అంటే, సూటిగా చెప్పాలి. జర్మనీలో 1,162 మంది నడుంనొప్పి రోగుల మీద చేసిన పరిశోధన 2007లో వెలువడింది. ఆరు నెలల తర్వాత సూదులు వేయించుకున్నవాళ్లలో దాదాపు 48 శాతం మందికి గుణం కనిపించింది, మామూలు వైద్యం తీసుకున్నవాళ్లలో 27 శాతం మందికే. అయితే ఆక్యుపంక్చర్ చెప్పే చోట్లు వదిలేసి వేరే చోట్ల పైపైన గుచ్చినవాళ్లలోనూ 44 శాతం మందికి తగ్గింది. అంటే ఉపశమనం నిజం, దాని కారణం మీద మాత్రం వాదన తీరలేదు. మోకాళ్ల అరుగుదలకు దీన్ని ఇవ్వొద్దని బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్ 2022లో తేల్చింది. అదే సంస్థ అంతకు ముందు ఏడాది, వేరే జబ్బు కారణంగా రాని దీర్ఘకాలిక నొప్పికి దీన్ని పరిశీలించవచ్చంది. అరిగిన గుజ్జును సూది తిరిగి పుట్టించదు. డాక్టరమ్మ కూడా ఆ మాటే అన్నారు: "నొప్పి తగ్గించగలనేమో చూస్తా, మోకాలిని కొత్తది చెయ్యలేను. నాలుగైదు సార్లు చూసినా తేడా లేకపోతే ఆపేద్దాం." నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

మీరూ వెళ్లాలనుకుంటే వెళ్లండి. సీలున్న ప్యాకెట్ మీ ముందే విప్పమనండి. ఛాతీ మీద, వీపు పైభాగంలో పెట్టేటప్పుడు చేయి తిరిగినవాళ్లయితేనే ఒప్పుకోండి, ఎందుకంటే అరుదుగానైనా ఊపిరితిత్తికి గుచ్చుకునే ప్రమాదం ఉంది. గర్భిణులైతే ముందే చెప్పండి. షుగర్ మందు, బీపీ మందు మానేయమన్న చోట మాత్రం ఒక్క నిమిషం కూడా కూర్చోకండి.