అన్నదమ్ములు ఏమయ్యారండీ?

తెలుగు పండితునిగా ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, సాంఘికశాస్త్రం చెప్పే మాస్టారు సెలవు పెట్టినప్పుడల్లా ఆ పీరియడు నా నెత్తిన పడుతూ ఉండేది. ఒకనాడు 1453లో ఆటోమన్ తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్ నగరాన్ని వశపరచుకొన్న ఘట్టం వచ్చింది. పుస్తకంలో ఉన్నది రెండు వాక్యాలు. నాకు తెలిసింది అంతకంటె తక్కువ. గంట కొట్టేదాకా కాలక్షేపం కావాలి గనుక, గ్రంథాలయపు బీరువాలోని పాత పుస్తకం ఒకటి తెప్పించి, అందులోని సుల్తానుల పట్టికను నల్లబల్ల మీద ఎక్కించాను. తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనుమడు. వెనుక బల్ల మీది కుర్రవాడు ఒకడు లేచి, "మరి వాళ్ళ అన్నదమ్ములు ఏమయ్యారండీ?" అని అడిగాడు.

"అది పరీక్షకు రాదు, కూర్చో" అన్నాను.

ఉపాధ్యాయుడు విద్యార్థితో అనకూడని మాటలలో అది మొదటిది. ఉద్యోగ విరమణ తర్వాత తీరిక చిక్కి, ఆ వంశచరిత్రకు సంబంధించిన గ్రంథాలు చదువుతూ ఉంటే ఆ ప్రశ్న మాటిమాటికీ గుర్తుకు వచ్చింది. ఆరు శతాబ్దాల ఆ చరిత్రకు నిజానికి అదే కీలకమైన ప్రశ్న. ఇన్నేళ్ళ ఆలస్యానికి ఆ కుర్రవాని మన్నింపు కోరుతూ, నాకు తెలిసినంతలో ఇప్పుడు సమాధానం చెబుతాను.

ముందుగా పేరు సంగతి. 1300 ప్రాంతంలో అనటోలియా వాయవ్య భాగాన ఒక చిన్న నాయకుడుగా ఉన్న ఒస్మాన్ ఈ వంశానికి మూలపురుషుడు. మనం 'ఉస్మాన్' అనే అరబ్బీ నామాన్నే తురుష్కులు 'ఒస్మాన్' అంటారు. ఐరోపా వారి నోట అది 'ఆటోమన్' అయింది. మన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ పేరిట వెలసినదే గాని ఈ వంశం పేరిట కాదు. అయితే ఈ రెండు ఇళ్ళకూ వియ్యం కుదిరిన మాట వాస్తవం. ఆ ముచ్చట చివరికి వస్తుంది.

ఒస్మాన్ మొదలు 1922 దాకా ముప్ఫై ఆరుగురు సుల్తానులు పాలించారు. వారిలో మొదటి పదునాలుగురూ తండ్రి తర్వాత కొడుకుగా వచ్చినవారే. పైకి చూస్తే ఇంతకంటె క్రమబద్ధమైన వారసత్వం ఉండదనిపిస్తుంది. కాని ఏ కొడుకు రావాలన్న నియమం వారికి లేదు. పెద్దవాడికే పట్టమన్న మాట లేదు. కొడుకులందరికీ సమానమైన హక్కే. దైవానుగ్రహం ఎవరిపై ఉంటే వాడు గెలుస్తాడు, గెలిచినవాడే అర్హుడు. అలాగని రాజ్యాన్ని పంచుకోవడానికీ వీలులేదు. అది అవిభాజ్యం. అందరికీ హక్కున్న ఆస్తి, పంచరాని ఆస్తి, ఎవరిదో ముందుగా తేల్చని ఆస్తి! ఈ మూడూ ఒకచోట చేరితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

1389లో కొసోవో యుద్ధభూమిలో మొదటి మురాద్ హతుడు కాగా, బాయజీద్ అక్కడికక్కడే తమ్ముడు యాకూబ్‌ను చంపించి సుల్తాను అయ్యాడు. 1402లో అంకారా దగ్గర ఆ బాయజీద్ తైమూరుకు బందీ అయ్యాడు. అతని కొడుకులు పదకొండేళ్ళపాటు తమలో తాము పోరాడుకొని రాజ్యాన్ని ఛిన్నాభిన్నం చేశారు. 1413లో మొదటి మెహ్మద్ ఒక్కడు మిగిలాడు. కాన్‌స్టాంటినోపుల్‌ను జయించిన రెండవ మెహ్మద్ ఈ అనుభవాన్నంతా ఒక శాసనంగా మార్చాడు. తన సంతానంలో ఎవరికి సింహాసనం లభించినా, లోకం క్రమం తప్పకుండా ఉండటానికి సోదరులను వధించడం యుక్తమే అని దాని సారాంశం. రాజరక్తం నేల మీద పడరాదన్న నమ్మకం చేత ఆ వధకు కత్తిని వాడక గొంతుకు ఉరి బిగించేవారు.

ఈ పద్ధతికి పరాకాష్ఠ 1595. మూడవ మెహ్మద్ పట్టాభిషిక్తుడైనప్పుడు అతనికి పందొమ్మిదిమంది తమ్ముళ్ళు ఉన్నారు. అందులో చంటిపిల్లలూ ఉన్నారు. పందొమ్మిదిమందినీ ఉరిబిగించి చంపి, అయా సోఫియా ఆవరణలో తండ్రి చెంతనే పాతిపెట్టారు. ఓయీ, నీవడిగిన అన్నదమ్ములు ఇలా అయ్యారు నాయనా!

తప్పించుకొన్నవారి గతి కూడా గొప్పదేమీ కాదు. రెండవ మెహ్మద్ 1481లో మరణించినప్పుడు ఒక కొడుకు బాయజీద్ అమాస్యాలో, రెండవవాడు జెమ్ కొన్యాలో పాలకులుగా ఉన్నారు. రాజధానికి ముందు చేరినవాడు బాయజీద్. జెమ్ యుద్ధంలో ఓడి రోడ్స్ దీవికి పారిపోయాడు. అక్కడినుండి ఫ్రాన్సుకు, ఆపైన రోములో పోపుగారి వద్దకు చేరి, చివరికి 1495లో నేపుల్స్‌లో చనిపోయాడు. అతన్ని వెనుకకు పంపకుండా ఉంచుకొన్నందుకు అన్నగారు ఏటేటా బంగారం పంపుతూ వచ్చాడు. అతిథిగా వెళ్ళినవాడు ఆశ్రయమిచ్చినవారికి ఆదాయ వనరు అయ్యాడు.

ఇక్కడ మన గోలకొండ ఇబ్రహీం కుతుబ్ షా గుర్తుకు వస్తాడు. అన్న జంషీద్ వలన ప్రాణభయంతో అతడు విజయనగరానికి పారిపోయి, అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్ళు గడిపి, 1550లో తిరిగివచ్చి రాజయ్యాడు. తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని కొనియాడింది ఇతన్నే. అతని కాలంలోనే, అమీన్‌ఖానుకు అంకితంగా, పొన్నగంటి తెలగనార్యుడు అచ్చతెలుగులో యయాతిచరిత్రం వ్రాశాడు. పెద్ద కొడుకులను కాదని చిన్నవాడైన పూరువుకు తండ్రి రాజ్యమిచ్చిన కథ అది! ఆ కొలువులో ఆ కథను వింటున్నవారి మనసుల్లో ఏమి మెదిలిందో గాని, నాకు మాత్రం ఆ కావ్యం పేరు విన్నప్పుడల్లా హంపీ దారిపట్టిన ఆ చిన్న తమ్ముడే కనబడతాడు.

వారిది పంచరాని న్యాయమైతే మనది పంచుకొనే న్యాయం. కేతన పదమూడవ శతాబ్దంలో విజ్ఞానేశ్వరీయం తెలిగించిన నాటినుండీ దాయభాగపు మాటలు మన భాషలో ఉన్నాయి. అంతమాత్రాన మనం సురక్షితులమా? 'దాయ' అన్న మాటకు మన నిఘంటువులు దాయాది అనీ, శత్రువు అనీ రెండర్థాలు ఇస్తాయి. సంస్కృతంలో 'భ్రాతృవ్య' శబ్దమూ అంతే. అన్నదమ్ముల బిడ్డ అన్నా అదే, శత్రువన్నా అదే. ఆ రెండవ అర్థం కోసం పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు. ఈ సంగతి శిక్షణ రోజుల్లో కంఠస్థం చేశాను. దాని భావం బోధపడటానికి మాత్రం మా నాన్నగారు పోవలసి వచ్చింది.

నాన్నగారు 1994లో కాలం చేశారు. ఐదెకరాల మాగాణి, ఒక పెంకుటిల్లు. వీలునామా వ్రాయమని ఎవరైనా అంటే, "మా పిల్లలు రామలక్ష్మణులు, వాళ్ళ మధ్య కాగితాలెందుకు?" అనేవారు. అన్నయ్య చదువు మానుకొని సేద్యం చూశాడు. ఆ సేద్యం మీద వచ్చిన డబ్బుతో నేను చదువుకొన్నాను. నీకు ఉద్యోగం ఉంది గదా అని అన్నయ్య మనసులో ఉంది. సగం నాది గదా అని నా మనసులో ఉంది. పెద్దమనుషులు పంచి పెట్టారు. కాలువ గట్టు వారనున్న ముప్ఫై సెంట్ల దగ్గర మాట పెరిగింది. ఆ తర్వాత పదునాలుగేళ్ళు మేమిద్దరమూ మాట్లాడుకోలేదు. ఆ పదునాలుగేళ్ళూ నేను తరగతిలో సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్న సుయోధనుని గురించి సుదీర్ఘంగా వ్యాఖ్యానిస్తూనే ఉన్నాను. మా చెల్లెలికి ఏమివ్వాలన్నది ఇద్దరిలో ఒక్కరమూ ఎత్తలేదు. ఆ మాట వ్రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఇంతకీ ఆ సోదరవధ ఎలా ఆగింది? 1603లో మూడవ మెహ్మద్ మరణించేనాటికి వారసులుగా ఇద్దరు పిల్లలు మిగిలారు. పదమూడేళ్ళ అహ్మద్, అతని తమ్ముడు ముస్తఫా. అహ్మద్‌కు అప్పటికి సంతానం లేదు. తమ్ముణ్ణి చంపి తానూ పోతే వంశమే అంతరిస్తుంది. కాబట్టి ముస్తఫాను బ్రతకనిచ్చారు. 1617లో అహ్మద్ పోగా, కొడుకులుండగానే తమ్ముడు గద్దెనెక్కాడు. ఆనాటినుండి క్రమంగా వంశంలో జీవించి ఉన్నవారిలో పెద్దవానికే పట్టం అన్న ఆచారం కుదిరింది. సోదరవధ ఒక్కసారిగా ఆగలేదు. నాలుగవ మురాద్ వంటివారు తమ్ముళ్ళను చంపించారు. అయినా ఆచారం నిలిచింది. 1617 తర్వాత తండ్రి వెనువెంటనే కొడుకు సుల్తాను కావడం రెండు పర్యాయాలే జరిగింది, 1648లోనూ 1839లోనూ. ఆ రెండుసార్లూ గద్దెకు వేరే పెద్దవాడు మిగలకపోవడమే కారణం.

చంపడం మానారు. బదులుగా బంధించారు. తోప్‌కాపీ రాజప్రాసాదంలో రాకుమారులను ఉంచిన భాగానికి 'కఫెస్' అని పేరు. పంజరమని అర్థం. వారికి రాజ్యతంత్రం నేర్పరు, సంతానం కలుగనివ్వరు. తలుపు చప్పుడైతే వచ్చినది పట్టాభిషేకమో ఉరిత్రాడో తెలియదు. 1640లో మురాద్ మరణించాడని చెబితే తమ్ముడు ఇబ్రహీం నమ్మలేదు. అన్న శవాన్ని కళ్ళారా చూశాకే బయటికి వచ్చాడు. రెండవ సులేమాన్ నలభై ఏళ్ళకు దగ్గరగా బంధంలో ఉండి 1687లో సుల్తాను అయ్యాడు. మూడవ ఒస్మాన్ నాలుగేళ్ళ పసివాడుగా లోపలికి వెళ్ళి, యాభై ఒక్క ఏళ్ళ తర్వాత 1754లో బయటికి వచ్చి, మూడేళ్ళు నిండకుండానే కన్నుమూశాడు. మనిషి ప్రాణం నిలిచింది గాని, మనిషి నిలిచాడా అన్నది సందేహమే. మాటలు మానుకొన్న అన్నదమ్ములకు ఈ పంజరం ఎలా ఉంటుందో కొంత తెలుసు. అందులో ఒకడు లోపల, ఒకడు బయట ఉండరు. ఇద్దరూ లోపలే.

పెద్దవానికే పట్టమన్న ఆ ఆచారం అక్షరరూపంలో రాజ్యాంగానికి ఎక్కింది 1876లో. అప్పటికి ఆ రాజ్యానికి యాభై ఏళ్ళ ఆయుర్దాయం కూడా లేదు. 1922 నవంబరు 1న సుల్తాను పదవి రద్దయింది. ఆరవ మెహ్మద్ ఆంగ్లేయుల యుద్ధనౌక ఎక్కి దేశం విడిచిపోయాడు. వరుసలో తరువాతి వాడైన అబ్దుల్ మజీద్, చక్కని చిత్రకారుడు, ఖలీఫా మాత్రమే అయ్యాడు. 1924 మార్చి 3న ఆ పదవీ పోయి ఆ వంశమంతా దేశబహిష్కృతమైంది. ఇన్ని తరాలు ఒకరినొకరు చంపుకొని కాపాడుకొన్న సింహాసనం ఒక శాసనసభ తీర్మానంతో ముగిసింది.

ఫ్రాన్సులోని నీస్ నగరంలో స్థిరపడిన ఆ ఖలీఫాకు నెలనెలా భరణం పంపినవాడు మన నిజాము. 1931 నవంబరులో అక్కడే నిజాము పెద్ద కొడుకు ఆజంజాకు ఖలీఫా కుమార్తె దుర్రుషెహ్వార్‌తోనూ, రెండవ కొడుకు ముఅజ్జంజాకు ఆ వంశపు మరొక ఆడపడుచు నీలోఫర్‌తోనూ వివాహాలయ్యాయి. నీలోఫర్ అంటే మన నీలోత్పలమే. ఆ మాట ఈ గడ్డ నుండి పారశీకానికి వెళ్ళి, తురుష్కదేశం మీదుగా కోడలి పేరై తిరిగి వచ్చింది. ఆమె పేరిట ఉన్న ఆసుపత్రిలో జన్మించినవారు ఇది చదివేవారిలోనూ ఉండవచ్చు. ఆజంజా, దుర్రుషెహ్వార్‌ల కుమారుడే ముకర్రంజా. కొడుకును కాదని మనుమనికే తన వారసత్వం అప్పగించాడు ఉస్మాన్ అలీఖాన్. 1967లో తాతగారు పోగా, తండ్రి బ్రతికి ఉండగానే కొడుకు ఎనిమిదవ నిజాము అయ్యాడు. అతడు 2023 జనవరిలో ఇస్తాంబులులో మరణించాడు. పార్థివదేహాన్ని హైదరాబాదుకు తెచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు. తల్లివైపు వారు పోగొట్టుకొన్న నగరంలో ప్రాణం, తండ్రివైపు వారు పోగొట్టుకొన్న నగరంలో శరీరం.

ఆ వార్త చదివిన వారంలోనే నేను వీలునామా వ్రాయించాను. ఉన్నది స్వల్పమే. ఒక ఇల్లు, పుస్తకాలు, కాలువ గట్టు వారన వాటాకు వచ్చిన పదిహేను సెంట్లు. కొడుకుకూ కూతురికీ సమంగా వ్రాశాను. ఇద్దరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. రిజిస్ట్రారు కచేరీలో సంతకం పెట్టి ఇంటికి వచ్చి అన్నయ్యకు ఫోను చేశాను. మా అన్నయ్య కూతురి పెళ్ళినాటినుండి మేము మాట్లాడుకొంటూనే ఉన్నాము గాని, ఆ పొలం ఊసు మాత్రం ఎన్నడూ రాలేదు. ఇలా వ్రాయించానని చెప్పాను. కాసేపు అటునుండి పలుకు లేదు.

"మంచి పని చేశావురా. నాన్నగారు కూడా ఒక ముక్క రాసి ఉంటే బాగుండేది" అన్నాడు.

"అవునన్నయ్యా" అన్నాను. ఆ పైన ఇద్దరమూ చెల్లెలి సంగతి మాట్లాడుకొన్నాము. ఆలస్యంగానే. అయినా మాట్లాడుకొన్నాము.